గ్లాస్గో గ్రీన్‌లో పైప్ బ్యాండ్లు: శ్రుతి కలిపే చోటే అసలు కచేరీ

బ్యాగ్‌పైపులు, డ్రమ్ములు కలిసి వాయించే బృందాలే పైప్ బ్యాండ్లు. వాటి ప్రపంచ పోటీలు ఆగస్టులో, శుక్ర శనివారాల్లో, స్కాట్లాండ్‌లో క్లైడ్ నది ఒడ్డున గ్లాస్గో గ్రీన్ మైదానంలో జరుగుతాయి. సెంట్రల్ స్టేషన్ నుంచి సాల్ట్‌మార్కెట్ మీదుగా నడిచే దూరమే. వాన ఎప్పుడైనా పడొచ్చు. గొడుగు వేస్తే వెనకవాళ్లకు అడ్డం, టోపీ ఉన్న రెయిన్‌కోటు మేలు. జనం ఎక్కువగా ప్రధాన అరీనా ముందే కూర్చుంటారు. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం పక్కన చెట్ల కింద, బ్యాండ్లు శ్రుతి చేసుకునే చోట. సంగీతం తెలిసినవాళ్లెవరైనా అక్కడికే ముందు వెళ్లాలని నా గట్టి సలహా.

మన వీధి భాగవతాల్లో శ్రుతికి ఊదే మేకతోలు తిత్తిని చూసినవాళ్లకు బ్యాగ్‌పైప్ సగం తెలిసినట్టే. ఇక్కడ అదే తిత్తికి పాట పలికే గొట్టం కూడా ఉంటుంది, దాన్ని చాంటర్ అంటారు. పలికేది తొమ్మిది స్వరాలే. షడ్జం నుంచి తారషడ్జం దాకా మన హరికాంభోజి మెట్లు, వాటికి కింద మంద్ర కైశికి నిషాదం ఒక్కటి. భుజం మీద మూడు డ్రోన్లు, అంటే ఎడతెగకుండా ఒకే స్వరం పలికే గొట్టాలు, ఉంటాయి. రెండు టెనార్లు ఒక స్థాయి కింద, బాస్ రెండు స్థాయిల కింద షడ్జాన్ని పట్టుకుని ఉంటాయి. ఆ షడ్జాన్ని పైపర్లు ‘ఏ’ అంటారు గానీ, ఈ కాలపు బ్యాండ్లలో అది 480 హెర్ట్జ్ దరిదాపుల్లో, పియానో మీది బి ఫ్లాట్ కన్నా పైన పలుకుతుంది.

చాంటర్‌లో నాదం మధ్యలో ఆగదు, ధ్వనిలో హెచ్చుతగ్గులూ ఉండవు. ఒకే స్వరం రెండుసార్లు వినిపించాలంటే నడుమ రెప్పపాటు ఇంకో స్వరాన్ని తాకి రావాలి. ఈ గ్రేస్ నోట్లే పైపర్ పనితనం. ఇరవై మంది వేళ్లూ ఒకేసారి లేచి పడితేనే అవి తేటగా వినిపిస్తాయి, లేకపోతే గరగరమంటాయి.

ఇక శ్రుతి సంగతి. పైపర్లు వలయంగా నిలబడి ముందు చాలాసేపు ఊరికే వాయిస్తారు. ఊపిరి తేమకు రీడ్, అంటే గాలికి కంపించి నాదం పుట్టించే పీక, మెత్తబడాలి, చాంటర్ వేడెక్కాలి. అలా వేడెక్కేకొద్దీ శ్రుతి పైకి పోతుంది కాబట్టి తొందరపడి కలిపితే పది నిమిషాల్లో మళ్లీ చెడుతుంది. తర్వాత బ్యాండు నాయకుడైన పైప్ మేజర్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చాంటర్ వింటాడు. ఒక స్వరం శ్రుతి ఎక్కువగా ఉంటే ఆ రంధ్రం పై అంచు మీద సన్నటి టేపు అంటించి, శ్రుతిని వెంట్రుకవాసి దించుతాడు. తారషడ్జం ఒక్కటే పైకి పోతుంటే రీడ్‌ను కాస్త బయటికి లాగుతాడు, ఎందుకంటే రీడ్ లోతుగా దిగితే పై స్వరాలే ఎక్కువ హెచ్చుతాయి.

ఆ తర్వాత డ్రోన్లు. మిగతావాటి మొన మీద వేలు తాటించి ఆపేసి, ఒక టెనార్‌ను చాంటర్‌కు కలుపుతారు. గొట్టం పొడుగు చేస్తే శ్రుతి దిగుతుంది, కుదిస్తే ఎక్కుతుంది. కలవనప్పుడు నాదం అలలుగా ఊగుతుంది, దగ్గరయ్యేకొద్దీ ఊగు నెమ్మదిస్తుంది, ఒకచోట నిలిచిపోతుంది. అప్పుడు రెండో టెనార్, చివరికి బాస్. అన్నీ కలిసిన క్షణంలో, ఎవరూ వాయించని పై స్వరాలు కూడా గాలిలో మోగుతాయి. అది వినడానికే అక్కడ నిలబడాలి!

ఇంతా చేశాక మబ్బు పడితే శ్రుతి దిగుతుంది, ఎండ కాస్తే లేస్తుంది. అందుకే బ్యాండంతా ఒకే తయారీ చాంటర్లు, ఒకే రకం రీడ్లు వాడుతుంది. మారితే అన్నీ కలిసి మారతాయి. గొట్టాల అతుకుల దగ్గర చుట్టే మైనం దారం వదులైతే గాలి కారుతుంది, డ్రోన్ జారుతుంది. పెద్ద బ్యాండ్లు మైదానానికి వెళ్లేముందు ప్రతి అతుకూ తిప్పి చూసుకుంటాయి.

వాయిద్యం మొదలుపెట్టడమే అన్నిటికన్నా కష్టం. పైప్ మేజర్ ఆజ్ఞ ఇవ్వగానే సైడ్ డ్రమ్ములు రెండు రోల్స్ వేస్తాయి. రెండో రోల్‌కు అందరూ తిత్తిని చేత్తో కొట్టి డ్రోన్లు లేపుతారు, రోల్ ముగిసేలోగా పంచమం పట్టుకుని పాటలోకి దూకుతారు. ఒత్తిడి ముందే ఎక్కువైతే ఒకరి చాంటర్ తొందరపడి కీచుమంటుంది, తక్కువైతే డ్రోన్ గురగురమంటుంది. చివర ఆపేటప్పుడు కూడా ఒక్క డ్రోన్ వెనకబడి మూలిగినా మైదానమంతా వింటుంది.

అన్నిటికన్నా పై శ్రేణి అయిన గ్రేడ్ వన్ బ్యాండ్లు రెండు రకాల పోటీ ఆడాలి. ఒకదాంట్లో నడక పాట మార్చ్, నాట్యపు పాటలు స్ట్రాత్‌స్పే, రీల్ వరసగా వస్తాయి. రెండోది మెడ్లీ, అంటే తామే కూర్చుకున్న పాటల గుచ్ఛం. న్యాయనిర్ణేతల్లో ఇద్దరు పైపులకు, ఒకరు డ్రమ్ములకు, ఒకరు మొత్తం కూర్పుకు. వాళ్లిచ్చిన స్థానాలు కలిపి ఎవరికి మొత్తం తక్కువొస్తే వాళ్లదే గెలుపు. 1987లో ఐరోపా బయటి బ్యాండు మొదటిసారి గెలిచింది, కెనడాకు చెందిన సెవెంటీ ఎయిత్ ఫ్రేజర్ హైలాండర్స్.

వీలైతే ఒక రోజు ముందే వచ్చి కౌకాడెన్స్ దగ్గరున్న నేషనల్ పైపింగ్ సెంటర్ మ్యూజియం చూడండి. పీబ్రోఖ్ అనే పెద్ద సంప్రదాయం గురించి అక్కడ తెలుస్తుంది. ఊర్లర్ అనే మూల వరసను నెమ్మదిగా వాయించి, అంచెలంచెలుగా గమకాలు పెంచుతూ పోయి, మళ్లీ ఊర్లర్‌కు వచ్చి ముగిస్తారు. బ్యాండు ఉండదు, పైపర్ ఒక్కడే. దాని కోసమైతే ఆగస్టు చివర్లో ఓబన్‌లో జరిగే ఆర్గైల్‌షైర్ గాదరింగ్‌కు వెళ్లాలి. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ నుంచి రైలుంది, సుమారు మూడు గంటల ప్రయాణం.