ఇండెక్స్ ఉండి కూడా నెమ్మదించిన క్వెరీ: నా అనుభవం

రోజువారీ అమ్మకాల నివేదిక తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోందని అకౌంట్స్ విభాగం వారు చెప్పడంతో ఆ పని నా దగ్గరికి వచ్చింది. మా ఆర్డర్ల టేబుల్ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంటుంది. ఆర్డర్ సమయం దాచే కాలమ్ మీద ఇండెక్స్, అంటే కావలసిన వరసలను త్వరగా వెతికిపెట్టే సూచిక, ఉంది. అయినా సర్వర్‌కు మెమరీ పెంచాలన్న చర్చ అప్పటికే మొదలైంది. ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీని నడిపి, డేటాబేస్ దాన్ని ఏ ప్లాన్‌తో నడిపిందో చూపే ఆదేశం) చూడాలని పట్టుబట్టాను.

ప్లాన్‌లో సీక్వెన్షియల్ స్కాన్ కనిపించింది. ఒక్క రోజు ఆర్డర్ల కోసం టేబుల్ మొత్తం చదివి, దాదాపు అన్ని వరసలనూ ఫిల్టర్‌లో వదిలేస్తోంది. కారణం క్వెరీలో ఏ వరసలు కావాలో చెప్పే వేర్ షరతులో ఉంది. కాలమ్‌ను డేట్ ఫంక్షన్‌లో పెట్టి, వచ్చిన తేదీని ఈనాటి తేదీతో పోలుస్తున్నారు. మా ఇండెక్స్ బీ-ట్రీ రకం; అందులో క్రమంగా పేర్చి ఉండేవి కాలమ్ విలువలు, ఫంక్షన్ ఫలితాలు కావు. నిఘంటువులో ‘డు’తో ముగిసే మాటలన్నీ వెతకమంటే ప్రతి పేజీ తిప్పాల్సిందే కదా! సమయాన్ని తేదీగా మార్చినా క్రమం చెడదని మనకు తెలుసు. క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే పోస్ట్‌గ్రెస్ ప్లానర్‌కు తెలియదు.

అందుకే ఫంక్షన్‌ను కాలమ్ మీద నుంచి తీసేశాను. ఈ రోజు మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటల నుంచి, రేపు మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటల లోపు అని షరతు రాశాను. బిట్వీన్ వాడదామని ఒక సహోద్యోగి అన్నారు, నేను ఒప్పుకోలేదు. అది రెండు చివరలనూ కలుపుకుంటుంది కాబట్టి సరిగ్గా అర్ధరాత్రి పడిన ఆర్డర్ రెండు రోజుల లెక్కలోనూ చేరిపోతుంది. మార్చాక ప్లాన్‌లో ఇండెక్స్ స్కాన్ వచ్చింది, నివేదిక వెంటనే తెరుచుకుంది.

ఈమెయిల్ వెతుకులాట వేరే కథ. పెద్ద, చిన్న అక్షరాల తేడా లేకుండా వెతకాలి కాబట్టి అక్కడ అన్నింటినీ చిన్న అక్షరాలుగా మార్చే లోయర్ ఫంక్షన్ తప్పదు. ఆ ఫంక్షన్ ఫలితం మీదే ఇండెక్స్ కట్టి, ప్లానర్‌కు కొత్త గణాంకాల కోసం అనలైజ్ ఆదేశం నడిపాను. క్వెరీలో లోయర్ బదులు అప్పర్ రాస్తే మాత్రం ఈ ఇండెక్స్ పనికిరాదు.

తేదీకీ ఇలాగే ఇండెక్స్ కట్టవచ్చు కదా అని కొందరు అడిగారు. మా కాలమ్ టైమ్‌జోన్‌తో కూడిన రకం కాబట్టి పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. ఒకే విలువ ఇస్తే ఎప్పుడూ ఒకే జవాబిచ్చే ఫంక్షన్లనే ఇండెక్స్‌లోకి రానిస్తుంది. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలంటే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో ముందురోజు రాత్రి 10:30. సెషన్‌కు (డేటాబేస్‌తో ఆ కనెక్షన్‌కు) పెట్టిన టైమ్‌జోన్‌ను బట్టి తేదీయే మారిపోతుంది. పోస్ట్‌గ్రెస్ చూపే ఆ పట్టుదల నాకు ఎంతో నచ్చింది. నివేదిక షరతులోని రెండు హద్దులకూ భారత కాలమానాన్ని స్పష్టంగా రాసింది కూడా అందుకే.

నెలవారీ నివేదికలోనూ కాలమ్ మీద ఇలాంటి ఫంక్షనే ఉంది. దాన్ని నెల మొదటి తేదీ నుంచి వచ్చే నెల మొదటి తేదీ లోపు అన్న షరతుగా ఇప్పుడు మారుస్తున్నాను.