కోచ్ వెళ్లిపోయాక క్లబ్‌లో ఏం మిగిలింది?

ఫుట్‌బాల్‌లో ఎక్కడ ఏ కోచ్‌ని తీసేసినా ఒకటే మాట వినిపిస్తుంది, ఇంకొంచెం టైమ్ ఇచ్చి ఉండాల్సింది, ఫెర్గూసన్‌కి ఇవ్వలేదా అని. నిజమే, ఆయన 1986లో ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కి కోచ్‌గా వస్తే లీగ్ టైటిల్ 1993లో గానీ రాలేదు. కానీ ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మన హైదరాబాద్ ఎఫ్‌సీ. ఇక్కడ కోచ్‌కి టైమ్ ఇచ్చారు, ఆయన కప్పు గెలిచి పెట్టాడు, ఆయన వెళ్లి రెండేళ్లు దాటేసరికి ఊళ్లో క్లబ్బే లేకుండా పోయింది.

2019లో పుణె క్లబ్ మూతపడితే దాని స్థానంలో ఐఎస్ఎల్‌లోకి, అంటే దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఇండియన్ సూపర్ లీగ్‌లోకి, వచ్చిన క్లబ్ ఇది. మొదటి కోచ్ ఫిల్ బ్రౌన్, ఇంగ్లండ్‌లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కి తీసుకెళ్లినవాడు, సీజన్ మధ్యలోనే పంపేశారు. ఆ సీజన్ మొత్తం మీద 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. తర్వాత ఖాయం చేసుకున్న ఆల్బర్ట్ రోకా కొత్త సీజన్ మొదలవకముందే బార్సిలోనా పిలిస్తే వెళ్లిపోయాడు. అలా 2020 ఆగస్టు చివర్లో, సన్నాహాలకి పెద్దగా వ్యవధి కూడా లేనప్పుడు, మనోలో మార్కెజ్ వచ్చాడు.

ఆ మూడు సీజన్ల గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. పేరున్నవాళ్లని కొనుక్కొచ్చి నింపలేదు, ఆకాష్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లని డిఫెన్స్‌లో పెట్టి, తప్పు చేసినా తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ దింపాడు. మొదటి ఏడాది ఐదో స్థానం, ఆఖరి మ్యాచ్‌లో గోవాతో డ్రా అయి ప్లేఆఫ్స్ చేజారాయి. చాలా క్లబ్బుల్లో అక్కడే కోచ్ కథ అయిపోయేది. ఇక్కడ ఉంచారు, పైగా లిస్టన్ కొలాసో లాంటివాడు కోల్‌కతా వెళ్లిపోయినా ఆట తీరు చెదరలేదు. తర్వాతి సీజన్ మన స్ట్రైకర్ ఓగ్‌బెచె 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు! కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది కాబట్టి, ఛాంపియన్ అయిన ఏడాది టీమ్‌ని గచ్చిబౌలిలో చూసే భాగ్యం మనకి దక్కలేదు, అది ఇప్పటికీ బాధే. మరుసటి ఏడాది కూడా లీగ్‌లో 42 పాయింట్లతో రెండో స్థానం.

2023లో మార్కెజ్ గోవాకి వెళ్లాడు. కోచ్‌లు వెళ్తారు, అది తప్పు కాదు. ఆయనతో పాటు ఇంకేం పోయిందనేది అసలు సంగతి. జీతాలు అందలేదు, బకాయిల మీద ఫిఫా కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా నిషేధం పెట్టింది, విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ సర్దుకుని వెళ్లిపోయారు, కొత్త కోచ్ కానర్ నెస్టర్ కూడా మధ్యలోనే వెళ్లిపోయాడు. తంగ్‌బోయ్ సింగ్టో మిగిలిన కుర్రాళ్లతో సీజన్ ఈదుకొచ్చాడు, ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు. అప్పుడు కూడా ఆన్‌లైన్‌లో కొందరు ఈ కోచ్‌ని మార్చండి అంటుంటే నాకు ఒళ్లు మండేది. జీతం రాని డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరిని నిలబెట్టినా ఏం చేస్తారు? తర్వాత ఓనర్లు మారారు, 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఇంగ్లండ్ క్లబ్ బ్రైటన్. 2022 సెప్టెంబరులో, సీజన్ నడుస్తుండగా, చెల్సీ వచ్చి వాళ్ల కోచ్ గ్రాహం పాటర్‌ని, ఆయన సహాయక బృందాన్ని తీసుకుపోయింది. బ్రైటన్ కొత్త కోచ్‌గా డి జెర్బిని తెచ్చుకుని అదే సీజన్‌లో ఆరో స్థానంలో నిలిచి మొదటిసారి యూరప్ పోటీలకి అర్హత సాధించింది. పాటర్‌ని చెల్సీ ఏప్రిల్‌లోనే తీసేసింది. ఓనర్ టోనీ బ్లూమ్ 2009 నుంచి బ్రైటన్‌ని నడుపుతున్నాడు, ఎలాంటి ఆటగాళ్లు కావాలి, వాళ్లని ఎక్కడ వెతకాలి, ఒకడు వెళ్తే ఎవడు రావాలి అన్నది క్లబ్ దగ్గరే ఉంటుంది, కోచ్ బ్యాగ్‌లో సర్దుకుని పోయేది కాదు. అందుకే కోచ్ ఎన్నేళ్లున్నాడన్న లెక్క మీద నాకు అంత నమ్మకం లేదు.

మన ఊరికి ఇది కొత్త పాఠమా అంటే అదీ కాదు. కోచ్ రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని 1963లో చనిపోయేదాకా నడిపారు, 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ అనే పేరున్న టోర్నమెంట్ గెలిచింది ఆ టీమ్. ఆయన ఒక్క టీమ్‌తో ఆగలేదు, డ్రిబ్లింగ్ లేకుండా పాస్‌లతోనే ఆడే టోర్నమెంట్లు పెట్టి ఊళ్లో పిల్లల ఆటనే మార్చారు. అది ఆయన తర్వాత నిలబెట్టుకునే ఏర్పాటు మనం చేసుకోలేదు.

ఇప్పుడు నగరంలో చూడదగ్గ క్లబ్ శ్రీనిధి డెక్కన్. 2022-23లో, 2023-24లో ఐఎస్ఎల్ కింది స్థాయి లీగ్ ఐ-లీగ్‌లో రెండో స్థానం, అజీజ్‌నగర్ వైపు సొంత మైదానం, అకాడమీ ఉన్నాయి. అక్కడ కూడా కోచ్‌లు మారుతున్నారు, నాకు టెన్షన్ లేదు. అకాడమీ నుంచి సీనియర్ టీమ్‌లోకి ఏటా ఎంతమంది తెలుగు కుర్రాళ్లు వస్తున్నారో చూస్తున్నాను, మ్యాచ్‌కి వెళ్లేవాళ్లు మీరూ అదే చూడండి, అదే అడగండి.