4095 బైట్ల దగ్గర తెగిపోయిన పద్యం

ఎట్టకేలకు దొరికింది! విమ్ ఎడిటర్‌లో రాసిన పైథాన్ వరుసలను, టెర్మినల్‌ను గడులుగా విడదీసే టీమక్స్‌లో పక్క గడిలో నడుస్తున్న పైథాన్ ప్రాంప్ట్‌కు పంపుతుంటే కొన్ని పద్యాలు మధ్యలో తెగిపోయేవి. అదే పద్యాన్ని కాసేపాగి పంపితే చక్కగా వెళ్లేది. ఇలా ఒకసారి వచ్చి ఒకసారి రాని లోపం కంటే విసుగు పుట్టించేది మరొకటి లేదు.

పని పాతదే. పద్యపాదంలో గురులఘువులు గుర్తించి, గణాలుగా విడదీసి, ఛందస్సు సరిచూసే ప్రోగ్రాము. ఆటవెలది కుదిరింది: బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. తేటగీతి కూడా వచ్చేసింది. ఫంక్షన్ మధ్యలో ఖాళీ వరుస వస్తే పాత పైథాన్ ప్రాంప్ట్ అక్కడే ముగిసిందనుకునే గొడవను విమ్ నుంచి కోడ్ పంపే విమ్-స్లైమ్ ప్లగిన్‌లోని పైథాన్ భాగం తానే సర్దుకుంటోంది.

ఇలాంటి పనికి ఎడిటర్ నుంచే కోడ్ నడపడం కంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువయ్యే నియమంలో ఒక్క షరతు మార్చి, ఆ ఒక్క ఫంక్షన్ పంపి, అప్పటికే మెమరీలో ఉన్న పద్యాలన్నిటి మీదా వెంటనే పరీక్షించుకోవచ్చు. కోడ్‌ను గడులుగా రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లోనూ ఇది సాధ్యమే, కానీ గడులను ఏ వరుసలో నడిపామో నాలుగు రోజుల తర్వాత తెలియదు. నాకు మామూలు ఫైలే కావాలి, అందులో నచ్చిన ముక్కను నచ్చినప్పుడు పంపగలగాలి.

ఇక లోపం సంగతి. పెద్ద పద్యాల ఫైలును చదివే వరుసను పంపి, అది పూర్తికాకముందే మరో పొడవాటి వరుస పంపేవాణ్ని. అందులో పద్యాలన్నీ ఒకే స్ట్రింగ్‌గా ఉంటాయి. పైథాన్ ‘ముగియని స్ట్రింగ్’ అని దోషం చూపేది. స్క్రీన్ మీద చూస్తే ఆ వరుస చివర కోట్ గుర్తు లేదు, చివరి పద్యాలూ లేవు.

మొదట టీమక్స్‌ను అనుమానించాను. పంపబోయే పాఠాన్ని అది దాచుకునే పేస్టు బఫర్‌ను తెరిచి చూస్తే పాఠం మొత్తం ఉంది. తర్వాత తెలుగు ఎన్‌కోడింగ్ మీదికి అనుమానం మళ్లింది. తెలుగు తీసేసి అదే పొడవులో ఇంగ్లీషు అక్షరాలు పెడితే తెగలేదు. వాటిని మూడింతలు చేస్తే మాత్రం తెగింది! ఆ మూడు అన్న సంఖ్యే దారి చూపింది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి హల్లుకూ అచ్చుకూ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. అంటే హద్దు అక్షరాల్లో లేదు, బైట్లలో ఉంది.

కొలవడానికి పైథాన్ అక్కర్లేదు. షెల్‌లో, అందినదాన్ని అలాగే తిరిగి ఇచ్చే క్యాట్ కమాండు అవుట్‌పుట్‌ను బైట్లు లెక్కపెట్టే కమాండుకు కలిపి, 5000 అక్షరాల వరుస ఒకటి పేస్టు చేసి, ఎంటర్, తర్వాత ఇన్‌పుట్ ముగిసిందని చెప్పే కంట్రోల్-డి నొక్కాను. వచ్చిన లెక్క 4096. అంటే 4095 బైట్లు, చివర ఎంటర్ ఒకటి. తర్వాత ‘తెలుగు’ అన్న మాటను ఖాళీ లేకుండా మూడు వందలసార్లు అతికించి పంపాను. ఆ మాటలో కోడ్ గుర్తులు ఆరు, బైట్లు పద్దెనిమిది. అవతల 227 మాటలు పూర్తిగా వచ్చి, ఆఖరున ‘తెల’ అని ఆగింది. 227ను 18తో హెచ్చిస్తే 4086. మిగిలిన తొమ్మిది బైట్లకు త, ఎత్వం, ల సరిగ్గా సరిపోయాయి. మాటల మధ్య ఖాళీ పెట్టి పంపితే 215 మాటలు, ‘తెల’, దాని వెనుక కొమ్ము తాలూకు మొదటి బైటు ఒంటరిగా మిగిలింది. దాన్ని టెర్మినల్ ప్రశ్నార్థకపు డబ్బాగా చూపించింది.

ఇది లైనక్స్ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం, టెర్మినల్‌కు పెట్టిన హద్దు. మాన్యువల్‌లో టెర్మినల్ సెట్టింగులను వివరించే టెర్మియోస్ పేజీలో స్పష్టంగా ఉంది: కెనానికల్ మోడ్‌లో, అంటే టెర్మినల్ ఇన్‌పుట్‌ను వరుసల వారీగా అందించేటప్పుడు, ఎంటర్‌తో కలిపి వరుస 4096 బైట్లు దాటకూడదు; ఆపైన వచ్చినదాన్ని ఎంటర్ దాకా పారేస్తుంది. మాక్‌లో ఈ హద్దు 1024 మాత్రమే, అంటే తెలుగులో 341 గుర్తులు. ఒక సీసపద్యానికి కూడా చాలదు.

మరి అప్పుడప్పుడూ తెగకుండా ఎలా వెళ్లేది? దీనికే ఎక్కువ సమయం పట్టింది. ప్రాంప్ట్ మన కోసం ఎదురుచూస్తున్నప్పుడు టైపు చేసే వరుసను దిద్దుకోనిచ్చే రీడ్‌లైన్ లైబ్రరీ కెనానికల్ మోడ్‌ను ఆపేసి, బైట్లను తానే ఒక్కొక్కటిగా తీసుకుంటుంది. అప్పుడు ఎంత పొడవున్నా పరవాలేదు. పైథాన్ ఏదైనా పని మొదలుపెట్టగానే రీడ్‌లైన్ పక్కకు తప్పుకుని టెర్మినల్‌ను పాత స్థితికి తెస్తుంది. ఆ సమయంలో వచ్చిన పొడవాటి వరుస హద్దుకు దొరికిపోతుంది. నిర్ధారించుకోవడానికి పైథాన్‌ను ఇరవై సెకన్లు నిద్రపొమ్మని, మరో గడి నుంచి ఎస్‌టీటీవై కమాండుతో ఆ టెర్మినల్ సెట్టింగులు చూశాను. నిద్రలో ఉండగా ‘ఐకానన్’ అని ఉంది, అంటే కెనానికల్ మోడ్ నడుస్తోంది; ప్రాంప్ట్ తిరిగి రాగానే దాని ముందు మైనస్ గుర్తు చేరింది, అంటే ఆ మోడ్ ఆగింది. కంటికి కనిపించే ఆనవాలు ఇంకొకటి ఉంది: పైథాన్ పనిలో ఉండగా పంపిన వరుస స్క్రీన్ మీద రెండుసార్లు పడుతుంది. మొదటిది కెర్నల్ తానే తిరిగి చూపే ఎకో, రెండోది ప్రాంప్ట్ వచ్చాక రీడ్‌లైన్ రాసేది.

పేస్టు చేసిన పాఠానికి ముందూ వెనుకా గుర్తులు చేర్చే బ్రాకెటెడ్ పేస్టు పెట్టినా ఇక్కడ లాభం లేదు. పైథాన్ పనిలో పడగానే రీడ్‌లైన్ దాన్ని కూడా ఆపేస్తుంది కాబట్టి టీమక్స్ మామూలుగానే పంపుతుంది. కెనానికల్ మోడ్‌ను ముందే ఆపేసి పైథాన్ మొదలుపెడితే వరుస తెగదు, కానీ అదే గడిలో క్యాట్ వంటివి బ్యాక్‌స్పేస్‌నూ కంట్రోల్-డినీ పట్టించుకోవు. నాకు నచ్చలేదు.

ఈమ్యాక్స్ అనే మరో ఎడిటర్ వాళ్లు దీన్ని ఎప్పుడో చూసుకున్నారు. అందులోని పైథాన్ మోడ్, పాఠం హద్దు దాటితే తాత్కాలిక ఫైలులో రాసి, ఆ ఫైలును నడపమనే చిన్న వరుస మాత్రమే పంపుతుంది. నేనూ అదే దారి పట్టాను. పంపబోయే పాఠాన్ని ఫైల్‌రకాన్ని బట్టి మార్చుకునే వీలు విమ్-స్లైమ్‌లో ఉంది, కాబట్టి పెద్దగా రాయాల్సింది లేదు. ఫైలు పేరు మాత్రం ప్రతిసారీ కొత్తది కావాలి. ఒకే పేరు వాడితే, పైథాన్ పనిలో ఉండగా రెండు ముక్కలు పంపినప్పుడు రెండోది మొదటిదాన్ని చెరిపేసి, తానే రెండుసార్లు నడుస్తుంది.

ఈ దారిలో రెండు ఇబ్బందులు వస్తాయి. దోషం ఎక్కడ వచ్చిందో పైథాన్ చూపే ట్రేస్‌బ్యాక్‌లో వరుస సంఖ్యలు తాత్కాలిక ఫైలువి కనిపిస్తాయి. దీనికి, ఎంచుకున్న ముక్క అసలు ఫైలులో 212వ వరుసలో మొదలైతే దాని ముందు 211 ఖాళీ వరుసలు చేర్చి, అసలు ఫైలు పేరుతోనే కంపైల్ చేయిస్తున్నాను; దోషం సరైన వరుసనే చూపుతోంది. రెండోది, చివరి వరుస విలువ దానంతటదే ప్రింట్ కాదు. పాఠాన్ని సింటాక్స్ ట్రీగా మార్చి, చివరిది వట్టి ఎక్స్‌ప్రెషన్ అయితే దాన్ని విడదీసి, విలువను ప్రింట్ చేసే ‘సింగిల్’ మోడ్‌లో కంపైల్ చేస్తే అదీ తీరింది. ఇప్పుడు పద్యాల వరుస ఎంత పొడవున్నా, పైథాన్ ఏ పనిలో ఉన్నా, పోయిన అక్షరం లేదు.

అయినా అసలు చికిత్స టెర్మినల్‌ను దాటేయడమేనని నా గట్టి నమ్మకం. కామన్ లిస్ప్ భాష వాళ్లు ఈమ్యాక్స్‌లో వాడే స్లైమ్, లిస్ప్ లోపల నడిచే స్వాంక్ సర్వర్‌తో 4005 పోర్టు మీద మాట్లాడుతుంది. క్లోజర్ భాషకు అలాంటిదే ఎన్‌రెపిల్ ఉంది. ఆ దారిలో కోడ్ సాకెట్, అంటే రెండు ప్రోగ్రాములు నేరుగా మాట్లాడుకునే దారి, మీదుగా వెళ్తుంది, ఈ 4095 వాళ్ల దారికి అడ్డు రాదు. అందుకే తర్వాతి ప్రయత్నం పైథాన్ లోపల సమాంతరంగా నడిచే ఒక చిన్న థ్రెడ్ పెట్టి, యూనిక్స్ సాకెట్ మీద విమ్ పంపేది అది వినేలా చేయడం. చిక్కు, నడుస్తున్న పనిని ఆపే కంట్రోల్-సి దగ్గర ఉంది. పైథాన్ ఆ సిగ్నల్‌ను ప్రధాన థ్రెడ్‌కే అందిస్తుంది కాబట్టి, సాకెట్ థ్రెడ్‌లో నడిచే అంతులేని లూప్‌ను అది ఆపదు. వచ్చిన కోడ్‌ను క్యూలో వేసి ప్రధాన థ్రెడ్‌తోనే నడిపించాలి. ముందు దాన్ని రాసి చూస్తాను, యతి స్థానాల పని ఆ తర్వాతే.