2061 దాకా ఆగకుండా

1986 మార్చిలో, పదో తరగతి పరీక్షల హడావుడి మధ్య, మన సైన్సు మాస్టారు ఒకరోజు తెల్లవారుజామున అందరినీ బడి ఆవరణకు రమ్మన్నారు, హేలీ తోకచుక్కను చూపిస్తామని. మన బ్యాచ్ వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దక్షిణం వైపు, తడి వేలితో సుద్దముక్క గీతను చెరిపినట్టు మసకగా కనిపించింది. నా పక్క బెంచీ స్నేహితురాలు మాత్రం రాలేదు. వాళ్ళమ్మకు జ్వరం, చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. మర్నాడు నన్ను కూర్చోబెట్టి ఎలా ఉంది, ఎంత పొడుగుంది, తోక ఎటు తిరిగింది అని అడిగి అడిగి చెప్పించుకుంది. ఆఖరి రోజు నా ఆటోగ్రాఫ్ పుస్తకంలో ఒక్క వాక్యమే రాసింది: "2061లో ఇద్దరం కలిసి చూద్దాం." ఆ తోకచుక్క సుమారు 76 ఏళ్ళకోసారి వస్తుందని మాస్టారు చెప్పిన లెక్క అది.

2019 మొదట్లో పాత పెట్టె సర్దుతుంటే ఆ పుస్తకం బయటపడింది. 2061 నాటికి మాకు తొంభై దాటుతాయి. ఆ వాక్యం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

తోకచుక్కను తీసుకురావడం ఎవరి తరం? కానీ అది దారి పొడుగునా వదిలిన దుమ్ములోంచి మన భూమి ఏడాదికి రెండుసార్లు వెళుతుంది, మే మొదట్లో ఒకసారి, అక్టోబరు మూడో వారంలో ఒకసారి. ఆ రేణువులే ఉల్కలుగా రాలతాయి. మేలో రాలేవి కుంభరాశి వైపు నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి, మే 6 ప్రాంతంలో ఎక్కువగా ఉంటాయి. ఆ ఏడు మే 4న అమావాస్య, అంటే వెన్నెల అడ్డం రాదు. తనకు ఆ ఉల్కలు చూపించాలనుకున్నాను, తేదీ దానంతట అదే కుదిరింది.

తేదీ కుదిరినంత తేలిగ్గా మిగతాది కుదరలేదు. నేను మొదట అనుకున్నది మన బ్యాచ్‌లో పదిమందిని పోగుచేసి వెళ్దామని. నా స్నేహితురాలి భర్తకు ఫోన్ చేసి చెప్తే ఆయన కాసేపు ఆగి, "అంతమంది ఉంటే తను ఆకాశం చూడదమ్మా, అందరికీ సదుపాయాలు చూస్తూ కూర్చుంటుంది" అన్నారు. నలభై ఏళ్ళుగా తెలిసిన మనిషి గురించి ఆ ముక్క నాకు తట్టనే లేదు. గుంపు మానేసి ఇద్దరమే వెళ్ళాలని తేల్చుకున్నాను.

అసలు సంగతి వాళ్ళమ్మ. మంచం దిగలేని స్థితి, రాత్రి రెండుసార్లు లేచి చూసుకోవాలి. 1986లో ఆపినదే ఇప్పుడూ ఆపుతోంది. తమ్ముడికి ఫోన్ చేశాను, ఆ చంటివాడే, ఇప్పుడు పెద్దవాడు. "అక్కా, ఆ రాత్రి నేనుంటాను, మందుల చీటీ ఫొటో పంపించు" అన్నాడు. రెండు రోజులు ముందే వచ్చి, వాళ్ళక్కకు నమ్మకం కుదిరేదాకా అన్నీ ఆమె ఎదుటే చేసి చూపించాడు. నన్నడిగితే మొత్తం ఏర్పాట్లలో ముఖ్యమైనది ఇదే. ఇంటి గురించి టెన్షన్ పడుతూ వచ్చిన మనిషికి ఎంత గొప్ప సర్‌ప్రైజూ కంటికి ఆనదు.

అన్నీ దాచలేదు. హఠాత్తుగా బయల్దేరదీస్తే తనకు గాభరా. ఆదివారం మధ్యాహ్నం వెళ్తున్నాం, సోమవారం పొద్దున తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటావు, దూరం చూసే కళ్ళజోడు తెచ్చుకో అని ముందే చెప్పాను. ఎందుకన్నది ఒక్కటే చెప్పలేదు. మెడనొప్పి ఉంది కాబట్టి నిలబడి పైకి చూడటం తనకు కష్టం, అందుకే రెండు మడత మంచాలు. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, ఒక్కసారి ఫోన్ వెలిగినా మళ్ళీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం చుట్టాను. ఒకవేళ మబ్బు పడితే మర్నాడూ, ఆ తర్వాతా కూడా ఉల్కలు రాలతాయి కాబట్టి, తమ్ముణ్ణి ఇంకో రెండు రోజులు ఉండమని అడిగిపెట్టాను.

తెలిసినవాళ్ళ పొలంలో డాబా మీద పడుకున్నాం. కబుర్లకు అంతే లేదు. ఒంటిగంటకు తను నిద్రపోయింది, నేను పోలేదు. రెండున్నరకు లేపేసరికి తూర్పున మబ్బు. గంటసేపు ఏమీ లేదు. "ఏంటే, దేనికోసం చూస్తున్నాం?" అంది. "పడుకునే చూడు" అన్నాను.

మూడున్నర దాటాక మబ్బు విడింది. మొదటిది ఆకాశం సగం మేర గీసుకుంటూ పోయింది, వెనక సన్నటి పొగచార ఒకటి రెండు క్షణాలు నిలిచి కరిగిపోయింది. సెకనుకు 66 కిలోమీటర్ల వేగం వాటిది. తను లేచి కూర్చుంది. మూడోది పడ్డాక చెప్పాను, "ఇది హేలీ తోకచుక్క దుమ్మేనే. ఎన్నో వందల ఏళ్ళ కిందట వదిలినది."

ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. అప్పుడు ఆటోగ్రాఫ్ పుస్తకం తీసి ఎర్ర వెలుతురులో ఆ పేజీ చూపించాను. తన చేతిరాత తనే వేలితో తడుముతూ చదువుకుంది.

వేగుచుక్క పొడిచి తెల్లవారేదాకా పదకొండు లెక్కపెట్టాం. ప్రతిదానికీ తను పైకే అంకె చెప్పింది, చిన్నపిల్లలా. ఆ అంకెనూ తేదీనీ 1986 వాక్యం కింద రాసి సంతకం చేసింది. తొమ్మిదికి పది నిమిషాల ముందే ఇంటి దగ్గర దింపాను. గుమ్మంలో తమ్ముడు కనిపించగానే వాడి భుజం పట్టుకుని "నువ్వు చంటివాడివిరా అప్పుడు" అంటూ లోపలికి నడిచింది.

2023 డిసెంబరులో ఒక పొద్దున తన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "హేలీ దూరపు కొస దాకా వెళ్ళి తిరుగుముఖం పట్టిందట. మే నెలకు మంచాలు సిద్ధం చెయ్యి. ఈసారి తమ్ముణ్ణి నేనే అడిగాను."