బొగ్గు బ్లాక్ వేలంలో పాల్గొన్నాం: నా అనుభవం

మాది విశాఖలో ఆఫీసు ఉన్న స్పాంజ్ ఐరన్ (ఉక్కు తయారీకి వాడే ఇనుము) కంపెనీ. టెండర్లు, లెక్కలు నేను చూస్తాను. మాకు కావాల్సిన బొగ్గు దక్షిణాఫ్రికా నుంచి ఓడల్లో పోర్టుకి దిగుతుంది. డాలరు కదిలిన ప్రతిసారీ మా బడ్జెట్ తారుమారే. అందుకే మా ఎండీగారు ఓ రోజు పిలిచి, "మనమే ఒక బ్లాక్‌కి, అంటే బొగ్గు తవ్వుకునేందుకు ప్రభుత్వం ఇచ్చే ప్రాంతానికి, వేలం పాడితే ఎలా ఉంటుందో చూడండి" అన్నారు.

2014లో సుప్రీంకోర్టు 204 బొగ్గు బ్లాకుల కేటాయింపులు రద్దు చేసింది. వాటిని వేలంలో ఇచ్చేందుకు మరుసటి ఏడాది కొత్త చట్టం వచ్చింది. 2020 జూన్‌లో వాణిజ్య వేలాలు మొదలయ్యాయి. బొగ్గును సొంత ఫ్యాక్టరీకే వాడాలన్న షరతు లేదు, గనులు నడిపిన అనుభవమూ అడగరు. మాలాంటి కంపెనీకి దారి దొరికింది అక్కడే.

కాగితాల పని పెద్ద కష్టం కాదు. ఈ వేలం నడిపే ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, డిజిటల్ సంతకం, బోర్డు తీర్మానం, బ్యాంక్ గ్యారంటీ. టెండర్లు వేసే అలవాటున్న ఎవరైనా చేయగలరు.

అసలు టెన్షన్ అంకె దగ్గర. ఇక్కడ ఎకరానికి ఇంత అని పాడరు. అమ్మే బొగ్గు ఆదాయంలో ప్రభుత్వానికి ఎంత శాతం ఇస్తామో చెప్పాలి. కనీసం 4 శాతం. 10 వరకు అర శాతం చొప్పున, ఆపైన పావు శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలి. వినడానికి పావు శాతం ఎంతో చిన్నది. కానీ గని నడిచినన్నాళ్లూ, లాభం వచ్చినా రాకపోయినా, ప్రతి టన్నుమీదా అది కట్టాల్సిందే. 20 శాతానికి పాడామనుకోండి. వంద రూపాయల బొగ్గులో 20 వాటాకి, 14 రాయల్టీకి (ఖనిజం తవ్వినందుకు రాష్ట్రానికి కట్టేది), ఆ రాయల్టీలో పదోవంతు, అంటే 1.40, గనుల ప్రభావం పడే ప్రాంతాల కోసం ఉన్న జిల్లా మినరల్ ఫౌండేషన్‌కి పోతాయి. మిగిలిన 64 రూపాయల అరవై పైసల్లోనే తవ్వకం, జీతాలు, వడ్డీ, రవాణా అన్నీ సర్దాలి. పైగా మేం చూసిన బ్లాక్ ఒడిశాలో, తాల్చేరు వైపు. అక్కడి బొగ్గులో బూడిద ఎక్కువ, ధర తక్కువ.

బిడ్ వేసేముందు చోటు చూడాలని పట్టుబట్టాను. జియాలజిస్టుతో కలిసి అంగుల్ దాకా రైల్లో వెళ్లి, అక్కడినుంచి కారు తీసుకున్నాం. మా కంపెనీ లారీ డ్రైవర్ ఒకతనిది ఇచ్ఛాపురం, ఒడియా ధారాళంగా మాట్లాడతాడు కాబట్టి అతన్నీ వెంట తీసుకెళ్లాం. మ్యాపులో ఆకుపచ్చ మచ్చగా కనిపించింది నిజానికి సాల చెట్ల అడవి. పక్కనే ఊరు, చెరువు, వరి మళ్లు. చెరువుగట్టు మీద ఒక పెద్దాయన, "గని వస్తే ఈ నీళ్లు ఎటు పోతాయి బాబూ?" అని అడిగారు. డ్రైవర్ తెలుగులో చెప్పాడు. జియాలజిస్టు నా వైపు చూశారు. మా దగ్గరున్న నివేదికలో బొగ్గు పొరల మందం ఉంది, పైమట్టి ఎంత తీయాలో ఉంది. ఆ ప్రశ్నకి జవాబు లేదు.

వేలంలో గెలిస్తే వచ్చేది బొగ్గు మీద హక్కు. పైనున్న నేల సంగతి వేరు. అడవికి 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి, అడవిమీద ఆధారపడ్డవాళ్ల అటవీ హక్కుల గుర్తింపు, గ్రామసభ, పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ. రైతుల పట్టా భూమిని 2013 భూసేకరణ చట్టం కింద ప్రైవేటు కంపెనీ కోసం సేకరించాలంటే 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి. ఇవన్నీ వేలం అయ్యాక మొదలయ్యే పనులు. నా అభిప్రాయంలో ఈ వరుసే తప్పు. ఊరిని ముందు అడిగి, ఆ తర్వాత బ్లాక్‌ని జాబితాలో పెట్టాలి. 2020లో మొదటి విడత మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లో అయిదు బ్లాకులు తీసేసి వేరే మూడు చేర్చారు. ప్రకటించాక కూడా మార్చగలిగినప్పుడు, ప్రకటించేముందే చూడొచ్చు కదా.

తిరిగొచ్చి లెక్క మళ్లీ వేశాను. అనుమతులకు పట్టే కాలం, దానిమీద వడ్డీ కలిపాను. మేం ఇవ్వగలిగిన శాతం తగ్గింది. "ఈ గీత దాటితే ఆపేద్దాం సార్" అంటే ఎండీగారు ఒప్పుకుని కాగితంమీద సంతకం చేశారు.

మొదటి ఆఫర్లలో ఎక్కువదే అసలు వేలానికి కనీస ధర. ఆ రోజు స్క్రీన్ మీద అంకె పావు పావుగా పెరుగుతూ పోయింది. చివరి నిమిషాల్లో ఎవరైనా పెంచితే గడువు మళ్లీ పొడిగిస్తారు, అందుకే ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. మా గీత రాగానే ఆపేశాం. అవతలివాళ్లు ఇంకా పైకి వెళ్లారు.

డిపాజిట్ కింద పెట్టిన గ్యారంటీ వెనక్కి వచ్చింది. తర్వాతి విడత జాబితా చూసి ఎండీగారు ఒక బ్లాక్ పేరు చెప్పారు. శాతం మాట్లాడేముందు ఆ ఊళ్లకి వెళ్లొస్తామన్నాను. టికెట్లు బుక్ చేశాం.