స్టాఫ్ నర్స్ ప్రిపరేషన్: పీపీహెచ్ టాపిక్ ఇట్లా చదవండి

స్టాఫ్ నర్స్ సెలెక్షన్ లిస్టు వచ్చింది, అందులో నా నెంబరుంది. కర్నూలు బుధవారపేట రూముల్లో ఉండే చెల్లెళ్లు, అనంతపురం, కడప నుంచి మెసేజ్ పెడుతున్నవాళ్లు అడిగేది ఒకటే: "ఓబీజీ (కాన్పులు, ఆడవాళ్ల జబ్బుల సబ్జెక్టు) ఎట్లా చదివినావక్కా?" అంతా చెప్తే తెల్లారిపోతుంది. పీపీహెచ్, అంటే కాన్పు తర్వాత ఎక్కువగా రక్తం పోవడం, అదొక్కటి చెప్తా.

కాన్పయిన 24 గంటల్లో 500 ఎంఎల్ రక్తం పోవడం, నాలుగు 'టీ'ల కారణాలు (టోన్, ట్రామా, టిష్యూ, త్రాంబిన్) అందరికీ నోటికొచ్చు. మార్కు పోయేది "తర్వాత ఏం చేస్తావు?" అన్న చోట. కేసు ఇస్తే ముందు ఐదు చూడండి: గర్భసంచి మెత్తగా ఉందా గట్టిగా ఉందా, మాయ పూర్తిగా పడిందా, బీపీ ఎంత, ఆస్తమా ఉందా, కాన్పయి ఎంతసేపయింది. సగం ఆప్షన్లు అక్కడే ఎగిరిపోతాయి.

గట్టిగా ఉండి రక్తం ఆగకపోతే చిరుగు వెతకాలి, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ మందు పెంచడం కాదు. మెత్తగా ఉండి ఒక పక్కకి జరిగితే మూత్రసంచి నిండినట్టే. దాన్ని ఖాళీ చేయకుంటే ఎంత మసాజ్ చేసినా మళ్లీ మెత్తబడుతుంది.

మందులు డోసుతో పాటు 'ఎవరికి వద్దు' అన్నది కలిపి చదవండి. ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకి, తర్వాత 20 యూనిట్లు 500 ఎంఎల్ ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్‌లో, నిమిషానికి 40–60 చుక్కలు. నరంలోకి ఒక్కసారిగా తోస్తే బీపీ పడిపోతుంది. మిథర్జిన్ 0.2 మిల్లీగ్రాములు, బీపీ ఉన్నవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి వద్దు. కార్బోప్రోస్ట్ 250 మైక్రోగ్రాములు, కండకే, 15 నిమిషాలకొకటి, ఎనిమిది డోసులకి మించకూడదు, ఆస్తమాకి వద్దు. మిసోప్రోస్టాల్ చికిత్సకి 800 మైక్రోగ్రాములు నాలుక కింద. నివారణకైతే 600 నోటితో. ఈ రెండు అంకెల్ని తారుమారు చేసే ప్రశ్న భలే ఇష్టం పేపర్ పెట్టేవాళ్లకి!

ట్రానెక్సామిక్ యాసిడ్ (గడ్డకట్టిన రక్తం కరగకుండా ఆపే మందు) దగ్గర కాసేపు ఆగండి. 1 గ్రాము, 10 నిమిషాల్లో మెల్లగా నరంలోకి. కాన్పయిన 3 గంటల్లోపే మొదలుపెట్టాలి. 30 నిమిషాల తర్వాత కూడా రక్తం పోతుంటే ఇంకో గ్రాము. 2017లో వచ్చిన వుమన్ ట్రయల్ తేల్చింది ఇదే, ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుందని. అన్నీ విఫలమయ్యాక ఇచ్చే మందని పాత మెటీరియల్‌లో ఉంటే కొట్టేయండి. 2023 ఈ-మోటివ్ ట్రయల్లో మసాజ్, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్, ఫ్లూయిడ్స్, పరీక్ష అన్నీ ఒకే ప్యాకేజీ, ఒకటయ్యాక ఒకటని కూర్చోరు. రక్తం కూడా కంటి అంచనాతో కాదు, గీతలున్న డ్రేప్‌తో (కింద పరిచి రక్తం పట్టే ప్లాస్టిక్ షీటు) కొలిచారు. కంటితో చూస్తే చాలాసార్లు తక్కువే అనిపిస్తుంది. 2025 డబ్ల్యూహెచ్‌ఓ గైడ్‌లైన్ అయితే 300 ఎంఎల్ పోయి పల్స్, బీపీ తేడాగా ఉన్నా కదలమంటోంది.

కోచింగ్ లేకుండా ఎట్లా వచ్చిందని కొందరికి అనుమానం. ఇంత పొడుగు టాపిక్‌ని గడియారం పెట్టుకుని, ఫోన్ పక్క గదిలో పడేసి, వరుసగా తెల్ల కాగితం మీద రాస్తే వస్తుందమ్మా. రీల్స్ చూస్తూ చదివితే రాదు.

మందులకి రక్తం ఆగకపోతే బైమాన్యువల్ కంప్రెషన్ (రెండు చేతులతో గర్భసంచిని నొక్కడం), కాండమ్ బెలూన్ (లోపల పెట్టి నీళ్లతో నింపేది), బి-లించ్ కుట్టు (గర్భసంచిని బిగించి పట్టేది), రక్తనాళాల లైగేషన్ (కట్టేయడం), చివరికి హిస్టరెక్టమీ (గర్భసంచి తీసేయడం). ఈ వరుస చాలు. సెకండరీ పీపీహెచ్‌కి 24 గంటలు దాటాక, మాయ ముక్క, ఇన్ఫెక్షన్ అని గుర్తుంచుకోండి. ఆక్సిటోసిన్, కార్బోప్రోస్ట్ 2–8 డిగ్రీల్లో, మిథర్జిన్‌కి దాంతోపాటు వెలుతురు తగలకూడదు.