గోంగూర కోసం ఏడో నంబరు రైలు

శనివారం రాత్రి పదకొండున్నర దాటింది. గోళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సబ్బు పెట్టి రెండుసార్లు తోమినా పోలేదు. ఎవరైనా చూస్తే గోరింటాకు పెట్టుకుని సగంలో కడిగేసిందనుకుంటారు.

పొద్దున లేచేసరికి నా ముందున్న పని ఒక్కటే, గోంగూర తేవడం. రేపు మధ్యాహ్నం మా ఆయన స్నేహితులు ఇద్దరు భోజనానికి వస్తున్నారు. మొన్న ఫోన్లో మాటల సందడిలో "గోంగూర పచ్చడి చేస్తాలెండి" అనేశాను. అనేశాక ఫ్రిజ్ తెరిచి చూస్తే పుదీనా తప్ప ఆకన్నది లేదు. మా ఆయనది వరంగల్. ఆయనకది గోంగూర కాదు, పుంటికూర. పెళ్ళై తొమ్మిదేళ్ళయినా ఈ ఒక్క మాట దగ్గర ఇద్దరం వెనక్కి తగ్గలేదు. "పుంటికూర దొరకకుంటే పాలకూర పప్పు చెయ్, ఏమైతది" అని సోఫాలోంచే సలహా ఇచ్చి మళ్ళీ క్రికెట్‌లో మునిగిపోయారు. విజయనగరం నుంచి అమ్మ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఎర్ర గోంగూరే తెచ్చుకోయే. తెల్లది పులుపుండదు, చింతపండు పొయ్యాలి."

మేముండేది న్యూయార్క్‌లో, క్వీన్స్ వైపు, సన్నీసైడ్. ఇక్కడ ఏడో నంబరు రైలు స్తంభాల మీద, ఇళ్ళ రెండో అంతస్తు ఎత్తున పోతుంది. కిటికీ పక్కన కూర్చుంటే షాపుల బోర్డులు కనబడతాయి. నాలుగు స్టేషన్లు దాటేలోపు బోర్డుల మీద లిపి మారిపోతుంది. దీన్ని ఇంటర్నేషనల్ ఎక్స్‌ప్రెస్ అని ఊరికే అనరు. డెబ్బై నాలుగో వీధి స్టేషన్లో దిగితే అది జాక్సన్ హైట్స్. మెట్లు దిగుతుండగానే జీలకర్ర వేయించిన వాసన ఒకవైపు, అగరొత్తుల వాసన ఇంకోవైపు. 1965లో అమెరికా వలస చట్టం మారాక వచ్చిన మనవాళ్ళు ఇక్కడ చీరలు, బంగారం, సరుకుల కొట్లు పెట్టుకున్నారు. ఇప్పుడు సగం వీధి నేపాలీ, టిబెటన్ మోమోలదే.

వేసవిలో ఇక్కడికి న్యూజెర్సీ పొలాల నుంచి తాజా గోంగూర కట్టలొస్తాయి. ఆ సంగతి తెలిసింది నా ఒక్కదానికే కాదు. మొదట వెళ్ళిన షాపులో గోంగూర పేరు రాసిన అట్టముక్క ఉంది, దాని కింద బుట్ట ఖాళీ. రెండో షాపులో ఒక్క కట్ట మిగిలింది. పట్టుకుంటే ఆకు చేతికే అంటుకుంది, తడిగుడ్డలా ఉంది. "ఫ్రెష్ మేడమ్, ఇవాళే వచ్చింది" అన్నాడు కుర్రాడు. ఇవాళే వచ్చుంటుంది, బయల్దేరిందెప్పుడో.

బిల్లు కౌంటర్ దగ్గర నా ముందు ఒకావిడ, మన తెలుగావిడే. బుట్టలో ఆరు కట్టలు. నిగనిగలాడుతున్న ఎర్ర కాడలు. ఒక కట్ట ఇస్తారా అని అడగబోయి ఆగాను. ఆవిడ నా చూపు కనిపెట్టి బుట్టని అటువైపు జరుపుకుంది. నేనైనా అంతే చేసేదాన్ని.

డెబ్బై మూడో వీధి బంగ్లాదేశ్ వాళ్ళది. 2023లో సిటీ ఈ వీధికి బంగ్లాదేశ్ స్ట్రీట్ అని రెండో పేరు కూడా పెట్టింది. నేనిక్కడికి చేపలకొస్తాను. ఫ్రీజర్ నిండా ఇలిష్. అంటే మన పులసే, కానీ పులస కాదు. సముద్రంలో ఉన్నంతసేపూ అది విలసే కదా, గోదావరికి ఎదురీదితేనే పులస. పద్మా నదికి ఎదురీదిన దాన్ని ఏమనాలో గోదావరి వాళ్ళే చెప్పాలి. నాకు ఆ ముళ్ళు ఏరుకునే ఓపిక ఎప్పుడూ లేదు.

చేపల పక్కన కూరాకుల ఫ్రీజరుంది. ఎప్పుడూ అటు చూడలేదు. ఇవాళ చూశాను. చేమాకులు, పొట్లకాయ ముక్కలు, జనపాకు. వాటి కింద ఒక పొట్లం మీద మేస్తా అని రాసుంది. ఆ మాట చూడగానే మా తాతయ్య గుర్తొచ్చాడు.

మా ఊరివైపు గోగు వేసేవాళ్ళు, అంటే గోంగూర మొక్కే. ఆకు కోసం కాదు, నార కోసం. వ్యవసాయ ఆఫీసు కాగితాల్లో దాని పేరు మేస్తా. మనిషిని మించిన ఎత్తు పెరిగాక కోసి, కట్టలు కట్టి, చెరువులో ముంచి, పైన మట్టిపెళ్ళలు పెట్టేవాళ్ళు. రెండు మూడు వారాలు నానితే బెరడు వదులవుతుంది. తాతయ్య మొలలోతు నీళ్ళలో నిలబడి కర్ర మొదట్లో పట్టి లాగితే నార మొత్తం చీరలా ఊడొచ్చేది. తెల్లటి కర్ర చేతిలో మిగిలేది. ఆ కర్రలు మాకు కత్తులు, పొయ్యికి కట్టెపుల్లలు. నార బళ్ళకెక్కి నెల్లిమర్ల జూట్ మిల్లుకి పోయేది. ఆ నెలలో ఊరంతా చెరువు కంపు. బంధువులెవరూ వచ్చేవాళ్ళు కాదు. నాకు మాత్రం ఆ కంపులో ఏదో తీపి ఉన్నట్టనిపించేది. ఎవరికీ చెప్పలేదు.

పొట్లం పట్టుకెళ్ళి కౌంటర్లో పెద్దాయన్ని అడిగాను, ఇది పుల్లగా ఉంటుందా అని, నాకొచ్చిన హిందీలో. ఆయన కళ్ళు మూసి, మొహమంతా ముడుచుకుని, నాలుకతో టక్కుమని చప్పుడు చేశాడు. ఇంతకంటే అనువాదం అక్కర్లేదు. రెండు పొట్లాలు కొన్నాను.

పని అయిపోయింది, ఇంటికెళ్ళొచ్చు. కానీ టైము పన్నెండే. పైగా ఒకసారి బయటపడ్డాక ఊరికే వెనక్కెళ్ళే అలవాటు నాకు లేదు. బ్యాగులో పొట్లాలు కరగకుండా షాపాయన ఓ ఐసు సంచి ఇచ్చాడు. మళ్ళీ రైలెక్కి నూట మూడో వీధిలో, కరోనా ప్లాజా దగ్గర దిగాను. (ఊరి పేరే కరోనా. 2020లో ఈ పేరుతో ఎన్ని జోకులేశారో, ఆ ఏడాది ఈ ఊరు పడ్డ కష్టం చూశాక ఎవరూ నవ్వలేదు.) ఇక్కడంతా మెక్సికో, ఈక్వడార్, కొలంబియా వాళ్ళు. పట్టాల నీడలో తోపుడుబళ్ళు. మామిడిముక్కల మీద ఉప్పూ కారం, నిమ్మకాయ పిండి ఇస్తున్నారు. మన స్కూలు గేటు ముందు బండి కాదని ఎవరనగలరు?

ఒక బండి మీద మూడు పెద్ద గాజు జాడీలు. ఒకదాన్లో తెల్లగా, బియ్యం నానబెట్టి చేసింది. ఇంకోదాన్లో చింతపండు రసం. మూడోది కుంకుమరంగు. దాన్నే చూపించి పేరడిగితే "హమైకా" అంది ఆ అమ్మాయి. జమైకా దీవి పేరే, స్పానిష్‌లో జ హ అవుతుంది. ఎండ మండిపోతోంది, గడగడా తాగేశాను. తియ్యగా ఉంది. ఆ తీపి దిగిపోయాక నాలుక వెనకాల ఒక పులుపు మిగిలింది. చింతపండుది కాదు, నిమ్మది కాదు. ఈ పులుపు నాకు తెలుసు. వేడన్నంలో, నూనెతో, నంజుకోవడానికి ఉల్లిపాయతో తెలుసు.

హమైకా దేంతో చేస్తారని అడిగితే గుప్పెడు ఎండు రేకులు చూపించింది. నల్లగా మాడినట్టున్న ఎర్రటి రేకులు, ఐదేసి కొనలతో. ఫోన్లో వెతికితే హైబిస్కస్ సబ్దారిఫా అని వచ్చింది. గోంగూర అని కొట్టినా అదే పేరు. అవి పూరేకులు కూడా కావు. గోగుపువ్వు లేత పసుపు, నడుమ ముదురెరుపు, ఒక్కరోజుకే రాలిపోతుంది. అది రాలాక కాయని పట్టుకుని ఉండే రక్షకపత్రాలివి. మా తాతయ్య నారగోగుకైతే అవి బిరుసుగా, చేతికి గుచ్చుకునేలా ఉంటాయి. ఇవి కండపట్టినవి. జాతి ఒకటే, రకాలు వేరు. పావుకిలో సంచి కొనుక్కున్నాను. ఎందుకో అప్పటికి తెలీదు.

బెంచీ మీద కూర్చుని మా ఆఫీసులో గయానా ఆవిడకి ఫొటో పంపాను. ప్రతి డిసెంబర్లో ఆవిడ ఓ సీసా తెస్తుంది, సారెల్ అంటుంది, అల్లం, లవంగాలు, నారింజ తొక్క వేసి కాచి చల్లార్చిన ఎర్ర నీళ్ళు. నాలుగేళ్ళుగా తాగుతున్నాను, ఒక్కసారి కూడా గోంగూర తట్టలేదు. అల్లం ఘాటుకి అడుగునున్న పులుపు తెలిసేది కాదు. ఆవిడ ఇంటిపేరు చివర్న సామీ అని ఉంటుంది. 1838 నుంచి 1917 దాకా చెరకు తోటల్లోకి కూలీలుగా మనదేశం నుంచి గయానాకి ఓడల్లో తీసుకెళ్ళారు కదా. ఎక్కువమంది కలకత్తా ఓడల్లో వెళ్ళారు, మద్రాసు ఓడల్లో కొందరు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆవిడకి తెలుగు రాదు, తమిళం రాదు, కాళీమాయి పూజ మాత్రం తెలుసు. జవాబు వెంటనే వచ్చింది: "అవును, అదే సారెల్." ఇది మేం ఆకు వండుకుంటామని రాశాను. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒకే ప్రశ్న: "ఆకు తింటారా?" పక్కన నోరు తెరిచిన బొమ్మ. మీరు ఆకు పారేస్తారా అని నేను పంపాను. నాదీ అదే బొమ్మ.

సాయంత్రం మా ఆయన్ని లాక్కొచ్చాను. ఫ్లషింగ్ మెడోస్ పార్కులో, సైన్స్ మ్యూజియం వెనకాల, వేసవి శనివారాలు క్వీన్స్ నైట్ మార్కెట్ పెడతారు. 2015లో మొదలైంది. అప్పుడు ఏ ప్లేటూ 5 డాలర్లు దాటకూడదని నియమం, ఇప్పుడు 5, 6 మధ్యలో. న్యూయార్క్‌లో ఈ రేటుకి కడుపు నిండదు గానీ నాలుగు దేశాలు రుచి చూడొచ్చు. దారిలో 1964 వరల్డ్ ఫెయిర్ నాటి పెద్ద ఉక్కు భూగోళం, పన్నెండంతస్తుల ఎత్తు. మా ఆయన వచ్చిన ప్రతిసారీ దాని ముందు ఒకే పోజులో ఫొటో దిగుతారు. ఇవాళ్టిది ఏడోది.

బర్మా స్టాలు దగ్గర క్యూ పెద్దదే. ఒకాయన పిండిముద్దని రాతిబండ మీద కొట్టి కొట్టి, గాల్లో తిప్పి, అవతలి అక్షరం కనబడేంత పల్చగా సాగదీస్తున్నాడు. పలాటా, అంటే పరోటాయే. మా వంతొచ్చాక డబ్బు తీసుకునే ఆవిడకి ఫోన్లో గోంగూర ఆకు ఫొటో చూపించాను. "చిన్ బౌంగ్!" అంది, వెనక్కి తిరిగి పిండాయనకీ చూపించింది. వెదురు మొలకలు, ఎండురొయ్యలు వేసి వేయిస్తారట. ఎండురొయ్యలూ గోంగూరా! శ్రీకాకుళం వాళ్ళని పిలిచి కూర్చోబెడితే పేరడక్కుండా తినేస్తారు. మా ముత్తాత తమ్ముడొకాయన రంగం వెళ్ళి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. రంగమంటే రంగూన్ అని నాకు పదో తరగతిలోగానీ తెలీలేదు. ఆవిడకి చెబుదామనుకున్నాను. వెనక ఇరవైమంది ఉన్నారు. పలాటా తీసుకుని పక్కకి జరిగాం.

"పొద్దటి నుంచి పుంటికూర గురించే తిరుగుతున్నవా?" అన్నారు మా ఆయన. గోంగూర గురించి, అన్నాను.

ఇంటికొచ్చి ఊరుకోవచ్చు కదా. ఎండు రేకులు గుప్పెడు వేడినీళ్ళలో నానబెట్టాను. నీళ్ళు క్షణంలో ఎర్రబడ్డాయి, పిండితే గోళ్ళలోకి పాకింది. నూనెలో ఎండుమిర్చి, మెంతులు, ధనియాలు వేయించి, రేకుల్ని కాస్త మగ్గనిచ్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి రోట్లో నూరాను. రంగు అదిరింది, బీట్‌రూట్ సిగ్గుపడాలి. పులుపు ఉంది. కానీ గోంగూరకుండే ఆ జిగురు లేదు, అన్నాన్ని పట్టుకోదు. నమిలితే కొంచెం చర్మంలా సాగుతుంది. మా ఆయన మూడు ముద్దలు తిని చాలాసేపు ఆలోచించారు. "పులుపైతే మస్తుంది. పుంటికూర అయితే కాదిది." ఇంకొంచెం అన్నం పెట్టమన్నారు.

ఇందాకే అమ్మ ఫోన్ చేసింది. అక్కడ ఆదివారం పొద్దున తొమ్మిది, టిఫిన్ అయిపోయిందట. జరిగిందంతా చెప్పాను. మెక్సికో, గయానా, బర్మా ఒక్కటీ ఎక్కలేదు. "గోగుకాయ నూరేవా? మేకలక్కూడా ఎయ్యరే దాన్ని" అంది. కొన్నది ఆకే, గడ్డకట్టించింది, రేపు దాంతోనే చేస్తానని సర్దిచెప్పాను.

"ఎర్రదా, తెల్లదా?"

చూడలేదు. పొద్దున్నుంచి ఎన్ని దేశాలో తిరిగాను గానీ అదొక్కటీ చూడలేదు. ఫోన్ చెవికి పెట్టుకునే వంటింట్లోకెళ్ళి, ఫ్రీజర్ తీసి, పొట్లం మీద పేరుకున్న మంచుని బొటనవేలితో గీకాను. లోపల ఆకులన్నీ ఒకదానికొకటి అతుక్కుని నల్లగా ఉన్నాయి. దీపం దగ్గర పెట్టి చూశాను. కాడలు ఎర్రగానే ఉన్నాయి.